బదులు పలికిన పుంజు ఎందుకు రాదు? వసంతకాలపు టర్కీ వేటలో పిలుపు సంగతి

అమెరికాలోని పెన్సిల్వేనియాలో మే నెల వచ్చిందంటే అడవి టర్కీ కోళ్ల వేటకి వెళ్లేవాళ్ల నోట ఒకటే మాట వినపడుతుంది. పుంజు బదులు పలికింది, పిలిచిన ప్రతిసారీ పలికింది, 80 గజాల దాకా వచ్చింది, అక్కడే ఆగిపోయి గంటసేపు అరిచి చివరికి వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు దీనికి వెంటనే ఒక కారణం వెతుక్కుంటారు: నా కాల్, అంటే పెట్ట కూత పలికించే సాధనం, బాగాలేదు, ఇంకా మంచిది కొనాలి అని. షాపులు కూడా ఆ మాటే నమ్మమంటాయి, గోడ నిండా రకరకాల కాల్స్ వేలాడదీసి ఉంటాయి. నా అభిప్రాయం వేరు. బదులు పలికిందంటే మీ కూత పెట్ట కూతే అని అది నమ్మినట్టు. నమ్మాక కూడా రాలేదంటే కారణం ఇంకెక్కడో ఉంది. ఆ కారణాలు నాలుగైదు ఉంటాయి, ఒక్కోదానికి మందు వేరు, అన్నిటినీ ఒకే ముద్దగా చూడబట్టే ఇంత అయోమయం.

ముందు అసలు మెలిక చెప్తాను. ఊళ్లో నాటుకోళ్లని చూస్తూ పెరిగినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. గింజ దొరికితే పుంజు ఒకచోట నిలబడి కొక్కొక్కొమని పిలుస్తుంది, పెట్టలే అటు పరిగెడతాయి. అడవి టర్కీల్లో వసంతకాలం జత కట్టేటప్పుడు జరిగేదీ ఇంచుమించు ఇదే. పుంజు తను ఎంచుకున్న చోట నిలబడి గాబుల్ వేస్తుంది, అంటే ఆ గళగళమనే పెద్ద అరుపు. తోక విప్పి, రెక్కల కొసలు నేలకి రాసేలా దించి, మెడ వెనక్కి లాక్కుని అటూ ఇటూ తిరుగుతుంది. తల మీది చర్మం చూస్తుండగానే ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో మారిపోతుంది. పెట్టలు ఆ అరుపు విని, తమంతట తామే నడిచి దాని దగ్గరికి వస్తాయి.

ఇప్పుడు మనం చేస్తున్న పని చూడండి. చెట్టు మొదట్లో కూర్చుని పెట్టలా కూస్తూ, నేను రాను నువ్వే రా అంటున్నాం. అది ఆ పక్షి పుట్టుకకే ఎదురు. కాబట్టి పుంజు బదులు పలికితే వస్తున్నానని కాదు, ఇక్కడున్నాను రా అని. ఈ ఒక్క తేడా బుర్రకెక్కితే మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. మీరు మళ్లీ కూశారు, అది మళ్లీ పలికింది, మీకు హుషారు, దానికీ హుషారు, పెట్ట ఇష్టంగానే ఉంది కదా, కాసేపట్లో వచ్చేస్తుందిలే అన్నట్టు అది ఉన్నచోటే రొమ్ము విరుచుకుని నిలబడుతుంది. మీరు ఎంత బాగా కూస్తే అంత గట్టిగా అక్కడే పాతుకుపోతుంది. ఇలాంటప్పుడు పనిచేసేది నోరు మూసుకోవడం. అప్పటిదాకా ఇష్టంగా పలికిన పెట్ట ఉన్నట్టుండి మాట మానేస్తే, పుంజు దాన్ని వెతుక్కుంటూ బయల్దేరే అవకాశం ఎక్కువ.

ఈ గొడవ చీకటితోనే మొదలవుతుంది. టర్కీలు రాత్రిపూట చెట్ల మీద ఉంటాయి. సూర్యోదయానికి అరగంటో ముప్పావుగంటో ముందు, ఇంకా కొమ్మ దిగకుండానే పుంజు అరవడం మొదలుపెడుతుంది. అది ఏ చెట్టు మీద ఉందో ముందురోజు సాయంత్రమే తెలుసుకోగలిగితే సగం పని అయినట్టే. దానికి పెట్ట కూత వాడకూడదు, గుడ్లగూబలా అరవాలి. ఇక్కడి అడవుల్లో బార్డ్ ఔల్ అనే గుడ్లగూబ ఒకటుంది, దాని అరుపు వినగానే పుంజు ఉలిక్కిపడ్డట్టు తన ప్రమేయం లేకుండానే గాబుల్ వేసేస్తుంది. కాకి అరిచినా, ఉరుము ఉరిమినా, కారు తలుపు గట్టిగా వేసినా అంతే. ఇది జత కోసం వేసే అరుపు కాదు కాబట్టి దాన్నేమీ కదిలించదు, ఎక్కడుందో మాత్రం మనకి చెప్పేస్తుంది.

మర్నాడు చీకట్లో, లైటు వేయకుండా, ఆ చెట్టుకి 100 నుంచి 150 గజాల లోపు చేరి కూర్చోవాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. కొమ్మ మీదున్న పుంజుతో ఆపకుండా మాటలు కలిపేవాళ్లని చూశాను. పుంజు పై నుంచి చూస్తూ ఉంటుంది, పెట్ట తన చెట్టు కిందికి వస్తుందని కాచుకుంటుంది, వెలుతురు పెరుగుతుంది, పెట్ట కనపడదు, చివరికి అవతలి వైపుకి దిగి వెళ్లిపోతుంది. నిద్రలేచిన పెట్ట గొణుక్కున్నట్టు రెండు మూడు మెత్తని కూతలు చాలు. బదులు వచ్చిందా, కాల్ ఒళ్లో పెట్టేసి వినాలి. అప్పటిదాకా ఖంగుమని వినపడిన గాబుల్ ఒక్కసారిగా మందగించి, మూసుకుపోయినట్టు వినిపిస్తే పుంజు నేల మీదికి దిగినట్టు. మళ్లీ కూయడానికి అది సమయం.

అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది కూర్చునే చోటు మీద. దీని గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే దీన్ని అమ్మలేరు. టర్కీకి వాసన పెద్దగా తెలియదు కానీ చూపు అసాధారణం. కళ్లు తలకి రెండు పక్కలా ఉంటాయి కాబట్టి తల తిప్పకుండానే దాదాపు 270 డిగ్రీలు కనిపిస్తుంది, తల కొంచెం తిప్పితే చుట్టూ మొత్తం. చెవి కూడా అంతే నిక్కచ్చి, కూత ఏ చెట్టు దగ్గర నుంచి వచ్చిందో ఇంచుమించు సరిగ్గా గురుతు పట్టేస్తుంది. ఇప్పుడు మీరు ఒక విశాలమైన గడ్డిమైదానం అంచున కూర్చుని కూశారనుకోండి. పుంజు అవతలి అంచుకి వచ్చి చూస్తుంది. కూత వచ్చిన చోటు స్పష్టంగా కనపడుతోంది, అక్కడ పెట్ట లేదు. అది మూర్ఖంగా ముందుకి ఎందుకు నడుస్తుంది? ఆగుతుంది, తోక విప్పి తన సొగసంతా చూపిస్తుంది, పెట్ట బయటికి రాకపోతే ఏదో తేడాగా ఉందని వెళ్లిపోతుంది. మొదట్లో చెప్పిన 80 గజాల కథలో ఎక్కువ భాగం ఇదే.

దీనికి విరుగుడు నేల వాలులో ఉంది. షాట్‌గన్‌తో కొట్టడానికి న్యాయమైన దూరం 40 గజాలు, అంతకన్నా తక్కువైతే ఇంకా మంచిది. కాబట్టి పెట్ట ఉండాల్సిన చోటు పుంజుకి మొట్టమొదటిసారి కనపడే క్షణానికే అది ఆ 40 గజాల లోపల ఉండాలి. గుట్ట నడినెత్తిన కాకుండా దానికి ఇవతల కొంచెం కిందకి, కలప లారీలు తిరిగిన పాత మట్టిరోడ్డు వంపు తిరిగేచోట, మౌంటెన్ లారెల్ పొదలు పలచబడే అంచున, ఇలాంటి చోట కూర్చుంటే పెట్టని చూడాలంటే పుంజు ఆ గుట్ట ఎక్కాలి, ఆ వంపు తిరగాలి. తిరిగాక చూసుకుంటే ఇక మీ ముందే ఉంటుంది. కూత అద్భుతంగా లేకపోయినా ఇలాంటి చోటు పనిచేస్తుంది. చోటు తప్పితే ఎంత గొప్ప కూతా పనిచేయదు.

ఇంకో చిక్కు, మధ్యలో వాగో ముళ్లకంచెనో ఉండటం. ఎగరగలిగే పక్షికి వాగొక లెక్కా అనిపిస్తుంది, నిజానికి అది పెట్ట కోసం వెళ్లేటప్పుడు ఎక్కువగా నడుస్తుంది, ఇలాంటి అడ్డు దగ్గర తరచూ ఆగిపోతుంది. అందుకే సీజన్‌కి ముందు ఆ అడవిలో రెండు మూడుసార్లైనా తిరగమంటాను. తిరిగేటప్పుడు నేల చూస్తూ నడవాలి. పుంజు రెట్ట పొడుగ్గా సాగి ఒక కొసన వంకర తిరిగి ఉంటుంది, పెట్ట రెట్ట చుట్టలు చుట్టుకుని ముద్దలా ఉంటుంది. ఓక్, బీచ్ చెట్ల కింద ఎండాకులు చెదిరి మట్టి కనపడుతుంటే అవి అక్కడ మేత వెతికాయని. మట్టిరోడ్డు మీద పెద్ద పాదాల గుర్తులు, వాటికి రెండు పక్కలా సన్నటి గీతలు వరసగా గీసినట్టుంటే అది బంగారం లాంటి ఆనవాలు. పుంజు తోక విప్పి తిరిగేటప్పుడు రెక్కల కొసలు మట్టిలో ఈడ్చుకుపోయిన గీతలవి. రోజూ అది వచ్చి నిలబడే చోటు అదన్నమాట. ఆ చోటు మీద ఒక కన్ను వేసి ఉంచండి.

ఇక కూతల విషయానికొద్దాం. అందరూ ముందు నేర్చుకునేది యెల్ప్, వరసగా నాలుగైదుసార్లు వచ్చే క్యావ్ క్యావ్ లాంటి కూత, పెట్ట నేనిక్కడున్నాను అని చెప్పే మాట. క్లక్ అంటే ఒంటిగా వచ్చే చిన్న టక్, దగ్గర్లో ఉన్న తోటిపక్షిని పలకరించడం. పర్ అంటే గొంతులోనే దొర్లే కుర్రుర్రుమనే శబ్దం, మేత మేస్తూ నిశ్చింతగా ఉన్నప్పుడు చేసేది. కటింగ్ అంటే క్లక్‌లు కోపంగా, వేగంగా, లయ తప్పి దూసుకొచ్చినట్టు ఉంటాయి. ఇవి నాలుగూ వచ్చాయంటే వసంతకాలానికి సరిపోతాయి. ఐదోది మీరు ఎప్పుడూ చేయకూడనిది, పట్ అనే గట్టి ఒంటి శబ్దం, అంటే ప్రమాదం అని. చిక్కేమిటంటే చేతి ఒత్తిడి ఎక్కువైతే క్లక్ కాస్తా పట్ లాగా వినపడుతుంది. పుంజు 50 గజాల లోపల ఉన్నప్పుడు, కొట్టే క్షణం వచ్చేదాకా, క్లక్ జోలికి పోకుండా పర్‌తో సరిపెట్టుకోవడం మేలు.

సాధనాల గురించి ఎక్కువ చెప్పను. బాక్స్ కాల్ పట్టుకోగానే పలుకుతుంది, దూరం వినపడుతుంది, గాలి ఉన్నరోజు మంచిది, తడిస్తే మాత్రం మూగబోతుంది. ఇది కొత్తదేమీ కాదు, ఆర్కన్సాకి చెందిన హెన్రీ గిబ్సన్ దీనికి 1897లోనే పేటెంట్ తీసుకున్నాడు. గుండ్రటి పలక మీద పుల్లతో గీసే స్లేట్ కాల్ మెత్తని కూతలకి సాటిలేనిది. గుర్రపు నాడా ఆకారంలో ఉండే మౌత్ కాల్ అంగిలికి ఆనించి ఊదాలి, నేర్చుకోవడానికి వారాలు పడుతుంది, ఇంట్లోవాళ్లకి ఆ వారాలు నరకం. అయినా నేర్చుకోమనే అంటాను, ఎందుకంటే పుంజు కళ్లముందుకి వచ్చాక చేతులు తుపాకీ మీద కదలకుండా ఉండాలి, ఆ సమయంలో పనికొచ్చేది అదొక్కటే. వీటన్నిటికంటే పాతది టర్కీ రెక్క ఎముకలతో చేసిన పిల్లనగ్రోవి లాంటి కాల్, ఇక్కడి మూలవాసులు వేల ఏళ్ల క్రితమే వాడారు. ఇవి కాక పైసా ఖర్చు లేని కాల్ ఒకటుంది: మీ చెయ్యి. టర్కీ మేత కోసం కాలితో ఆకుల్ని గీకే తీరుకి ఒక లయ ఉంది. ఒకసారి, వెంటనే రెండుసార్లు, ఆగి చూడటం. కూత ఆపేసి, పక్కనున్న ఎండాకుల్ని అదే లయలో గీకి, మళ్లీ నిశ్శబ్దంగా ఉండండి. కూతలన్నీ విని విసిగిపోయిన పుంజు కూడా ఆకుల చప్పుడుని అంత త్వరగా అనుమానించదు.

పుంజు రాకపోవడానికి ఇంకో పెద్ద కారణం, దానికి అప్పటికే పక్కన నిజమైన పెట్టలు ఉండటం. సీజన్ మొదట్లో ఇది దాదాపు రోజూ ఉండే సమస్య. నిజం పెట్టని వదిలేసి కనపడని పెట్ట కోసం పుంజు ఎందుకొస్తుంది? గాబుల్ వేసి మీకు మర్యాదగా బదులిస్తుంది, పెట్టలు ఎటు మేస్తే అటు వెళ్లిపోతుంది. దీనికి రెండు దార్లు ఉన్నాయి.

మొదటిది ఓపిక పట్టడం. పెట్ట ఇంచుమించు రోజుకొకటి చొప్పున రెండు వారాల్లో పది పన్నెండు గుడ్లు పెడుతుంది, ఆ రోజుల్లో పొద్దున కాసేపు పుంజుతో ఉండి తర్వాత గూటికి జారుకుంటుంది. పుంజుకి తన పెట్టలు ఏమైపోయాయో తెలియదు. తొమ్మిదిన్నర, పది గంటలకి ఒంటరిగా మిగిలిపోయి మళ్లీ అరుస్తుంది. పొద్దున ఏడింటికి మిమ్మల్ని లెక్కచేయని పుంజే పదింటికి పరిగెత్తుకుంటూ రావచ్చు. ఆ సమయానికి చాలామంది వేటగాళ్లు కారెక్కి టిఫిన్‌కి వెళ్లిపోతారు. గుడ్లన్నీ పెట్టాక పెట్ట 28 రోజులు పొదుగుతుంది, అప్పుడు పుంజుకి రోజంతా ఒంటరితనమే, సీజన్ రెండో సగంలో అరుపులు మళ్లీ పెరగడానికి ఇదొక కారణం. పెన్సిల్వేనియాలో మొదటి రెండు వారాలు మధ్యాహ్నం 12 గంటలకల్లా వేట ఆపేయాలి, తర్వాత వారాల్లో సాయంత్రం దాకా ఉండొచ్చు. పెట్టల్ని గూళ్ల దగ్గర చెదరగొట్టకూడదన్న ఆలోచన ఈ నిబంధన వెనక ఉంది, అది చాలా సబబైన నిబంధన.

రెండో దారి పుంజుని వదిలేసి పెట్టతో గొడవ పెట్టుకోవడం. గుంపులో పెత్తనం చేసే పెట్ట ఒకటి ఉంటుంది. మీ కూత విని అది కోపంగా బదులిస్తే, అది ఏమంటే మీరూ అదే అనండి, కొంచెం ఎక్కువ పొగరుగా అనండి, దాని మాట పూర్తికాకముందే అడ్డుపడండి. ఎవరీ కొత్తది అని చూడటానికి ఆ పెట్ట మీ మీదికి వస్తుంది, దాని వెనక పుంజు ఎలాగూ వస్తుంది. ఇలా వచ్చిన పుంజు తోక విప్పుకుని ఏ అనుమానం లేకుండా నడుచుకుంటూ వస్తుంది, ఎందుకంటే ముందు నడిచేది నిజమైన పెట్ట.

అసలు కష్టం బాగా వేట జరిగే అడవుల్లోని పుంజుతో. పెన్సిల్వేనియా స్టేట్ గేమ్ ల్యాండ్స్ లాంటి ప్రభుత్వ భూముల్లో మే నెల సగానికి వచ్చేసరికి బతికున్న ప్రతి పెద్దపుంజూ రకరకాల బాక్స్ కాల్స్ విని ఉంటుంది, కొన్ని గుళ్ల దెబ్బలు తప్పించుకుని ఉంటాయి. అది పిలుపుని ద్వేషించడం మొదలుపెట్టదు, అరవడం మాత్రం తగ్గించేస్తుంది. జార్జియా విశ్వవిద్యాలయంలో టర్కీల మీద ఏళ్లుగా పనిచేస్తున్న మైకేల్ చాంబర్లిన్ బృందం అడవుల్లో సౌండ్ రికార్డర్లు పెట్టి గాబుల్స్ లెక్కించింది, వేట మొదలయ్యాక అరుపులు తగ్గిపోవడం అందులో కనపడింది. అరుపు తగ్గితే అడవిలో పుంజులు లేవని కాదు. అవి చప్పుడు చేయకుండా వస్తున్నాయి. ఎక్కడో పొద వెనక నిలబడి చాలాసేపు చూసి, నాలుగు అడుగులు వేసి, మళ్లీ ఆగి చూస్తూ వస్తాయి.

అందుకే నా మాట ఒకటి గట్టిగా చెప్తున్నాను. పోగొట్టుకున్న పుంజుల్లో చాలావరకు తప్పు కూత వల్ల పోయినవి కావు, తొందరగా లేచి నిలబడటం వల్ల పోయినవి. అరగంట నుంచి ఏ శబ్దమూ లేదు, ఇక రాదులే అని లేవగానే పక్కనే పట్ అని వినపడి, ఈకల గుంపు ఒకటి చెట్ల మధ్య పరిగెత్తడం కనపడుతుంది. అరుపులు ఆగాక కనీసం ముప్పావుగంట కదలకుండా కూర్చోండి. ఆ ముప్పావుగంటలో పదిహేను నిమిషాలకొకసారి ఒక మెత్తని పర్, కొంచెం ఆకుల గీకుడు, అంతకు మించి వద్దు. చెవులు రిక్కించి ఉంచితే ఒక్కోసారి ఇంకో శబ్దం తెలుస్తుంది. పుంజు దగ్గర్లో తోక విప్పి తిరుగుతుంటే ముందు త్సిక్ అని ఒక చిన్న ఉమ్మినట్టు, వెంటనే లోతుగా దూమ్మ్ అని ఒక హోరు వస్తాయి. ఆ హోరు ఎంత లోతైనదంటే చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది. దూరం పోదు కాబట్టి అది వినపడిందంటే పుంజు చాలా దగ్గర్లో ఉంది, కనురెప్ప తప్ప ఏదీ కదపకండి. తుపాకీ పైకెత్తాల్సి వస్తే దాని తల చెట్టు వెనక్కి వెళ్లినప్పుడో, తను పూర్తిగా తిరిగి విప్పిన తోక దాని కళ్లకి అడ్డం వచ్చినప్పుడో ఎత్తాలి.

ఇద్దరు వెళ్తే మొండిపుంజుని కదిలించడం సులువు. ఒకరు తుపాకీతో ముందు కూర్చుంటారు, కూసేవాళ్లు 40, 50 గజాలు వెనక. పుంజు ఆగిపోయిన చోట పాతుకుపోయిందనుకుంటే వెనకున్నవాళ్లు కూస్తూ ఇంకా వెనక్కి జరుగుతారు. పెట్ట విసుగొచ్చి వెళ్లిపోతోందనుకుని పుంజు ముందుకొస్తుంది, అది ఆగాలనుకున్న దూరం ఇప్పుడు తుపాకీ ఉన్నవాళ్ల ముందుకి జరిగింది. ఒక్కరే ఉంటే తల మాత్రం మెల్లగా పక్కకి తిప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనకవైపుకి కూయండి, దూరంగా నడుస్తున్నట్టే వినపడుతుంది.

ఇక దీమం సంగతి. ప్లాస్టిక్ పెట్టబొమ్మని పాతిపెడితే పుంజుకి చూడటానికో పెట్ట దొరుకుతుంది, ఆ 80 గజాల సమస్య బయలు ప్రదేశంలో చాలావరకు తీరుతుంది. మన దగ్గరా కౌజుపిట్టల్ని దీమపు పిట్టతో పిలిచి పట్టే విద్య తరతరాలుగా ఉండేది, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అది నేరమైంది. ఇక్కడ పెట్టబొమ్మతో నాకు పేచీ లేదు. పుంజు తోక విసనకర్రని ముందు పట్టుకుని దాని వెనక పాక్కుంటూ వెళ్లే పద్ధతి మాత్రం వద్దే వద్దు, అది వేటగాడి ప్రాణానికే ప్రమాదం. అవతల ఇంకో వేటగాడు కూర్చుని ఉంటే అతనికి కనిపించేది టర్కీ తోకే.

ఈ వేటలో ప్రమాదాలు ఎక్కువగా ఇలాంటి పొరపాటు వల్లే జరుగుతాయి: ఒక మనిషి కూతని ఇంకో మనిషి పక్షి అనుకోవడం. ఒంటి మీద ఎరుపు, తెలుపు, నీలం రంగు గుడ్డ ఒక్క పీలిక కూడా ఉండకూడదు, పుంజు తల రంగులు అవే కాబట్టి. భుజాలకన్నా వెడల్పైన చెట్టు చూసుకుని దానికి వీపు ఆనించి కూర్చోవాలి. ఎవరైనా మీ వైపు వస్తుంటే చెయ్యి ఊపకండి, పెద్ద గొంతుతో మనిషి మాట మాట్లాడండి, పుంజు పోతే పోయింది. గాబుల్ శబ్దం చేసే కాల్ ప్రభుత్వ భూముల్లో బయటికి తీయకపోవడమే మంచిది. పెన్సిల్వేనియాలో వసంతకాలం టర్కీ కూత విని దాని వెంట పొంచి వెళ్లడం చట్టరీత్యానే నిషిద్ధం, కూర్చుని పిలిచి మాత్రమే కొట్టాలి. ఛాతీ మీద నల్లటి ముతక ఈకల కుచ్చు, అంటే గడ్డం, ఉన్న పక్షినే కొట్టాలన్నది ఇంకో నియమం. కొన్ని పెట్టలకీ గడ్డం ఉంటుంది, చట్టం ఒప్పుకున్నా దాన్ని వదిలేయండి, పిల్లల్ని పెంచేది అదే.

మనవాళ్లకి ఒక ముఖ్యమైన మాట. H-1B, H-4, F-1 లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం మామూలుగా నిషేధిస్తుంది. స్నేహితుడి తుపాకీ చేతిలో పట్టుకున్నా అది తుపాకీ కలిగి ఉండటం కిందికే రావచ్చు. ఏదైనా రాష్ట్రం చట్టబద్ధంగా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకి ఇందులో మినహాయింపు ఉంది. లైసెన్స్ గడువు ముగిస్తే దాని ఆధారంగా వచ్చిన మినహాయింపూ ముగుస్తుంది. రాష్ట్రాల చట్టాలు వేరువేరుగా ఉంటాయి, మీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగకుండా షాపుకి వెళ్లకండి, ఇందులో తేడా వస్తే పోయేది వీసానే. పెన్సిల్వేనియాలో మొదటిసారి లైసెన్స్ కావాలంటే హంటర్ ట్రాపర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తి చేయాలి. కోర్సు మీద విసుక్కోకండి, చాలా మంచి కోర్సు అది.

ఈ పక్షికి ఇంత జాగ్రత్త ఎందుకు అబ్బిందో చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. అడవులు నరికేయడం, అడ్డూ అదుపూ లేని వేట కలిసి 20వ శతాబ్దం మొదటి సగానికల్లా అమెరికాలో అడవి టర్కీ చాలా రాష్ట్రాల నుంచి మాయమైపోయింది. 1937లో వచ్చిన పిట్‌మన్ రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, మందుగుండు మీద పన్ను డబ్బుని వన్యప్రాణుల పునరుద్ధరణకి మళ్లించింది. అయితే మొదట్లో చాలా రాష్ట్రాలు ఫారాల్లో పెంచిన టర్కీల్ని అడవిలో వదిలి చూశాయి. వేలకొద్దీ వదిలారు, అవి బతకలేదు. మనిషిని చూసి పారిపోవాలని, నక్క అలికిడి ఎలా ఉంటుందో వినాలని, రాత్రయితే ఎత్తైన కొమ్మ ఎక్కాలని వాటికి నేర్పే తల్లి లేకపోయింది. 1951లో సౌత్ కరోలినాలో ఫిరంగి వల, అంటే మందుగుండుతో ఒక్కసారిగా పక్షుల మీదికి ఎగిరి పడే వల, టర్కీల మీద వాడటం మొదలయ్యాక కథ మారింది. నిజమైన అడవి పక్షుల్ని గుంపులుగా పట్టి, పక్షులు లేని అడవుల్లో వదిలారు, అవి నిలబడ్డాయి, పిల్లల్ని పెట్టాయి. ఇవాళ దేశమంతటా టర్కీల సంఖ్య లక్షల్లో ఉందంటే ఆ బెదురు వల్లే. 80 గజాల దగ్గర ఆగి, మెడ చాచి, మిమ్మల్ని నమ్మకుండా వెనక్కి తిరిగే ఆ గుణమే జాతిని బతికించింది.

పైగా ఇప్పుడు ఆగ్నేయ రాష్ట్రాల్లో సంఖ్య మళ్లీ తగ్గుతోంది, పిల్లలు తక్కువ బతుకుతున్నాయి. 2022లో జార్జియా సీజన్‌ని ఆలస్యంగా మొదలయ్యేలా మార్చి, ఒక్కొక్కరు కొట్టగలిగే పుంజుల సంఖ్యని మూడు నుంచి రెండుకి తగ్గించింది. అందుకే దూరం షాట్లంటే నాకు కోపం. 60 గజాల మీద ఉన్న పుంజుని కొట్టి గాయపరిచి పోగొట్టుకోవడం కన్నా అది గెలిచిందని ఒప్పుకోవడం నయం. కొట్టేటప్పుడు కూడా తోక విప్పి మెడ ముడుచుకుని ఉన్నప్పుడు కాకుండా, ఒక క్లక్ వేసి అది మెడ చాచి చూసేలా చేసి, తల, మెడ కలిసేచోట కొట్టాలి.

మరి అన్నీ సరిగ్గా చేసినా రాకపోతే? దాని వెంట పడకండి. అది అరుస్తూ వెళ్లిపోయాక, ఇంకో అరగంట ఆగి, అది ఆగిన చోటుకి నడిచి వెళ్లండి. అక్కడి నుంచి మీరు కూర్చున్న చెట్టు వైపు, మోకాళ్ల మీద కూర్చుని టర్కీ ఎత్తు నుంచి చూడండి. ఎందుకు ఆగిందో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది: మధ్యలో పడిపోయిన హెమ్లాక్ మానో, ముందురోజు మీకు కనపడని చిన్న కాలవో, లేదా మీ చెట్టు మొదలు దాకా అడ్డం లేకుండా కనిపించే బయలో. నేల మీద రెక్కలు ఈడ్చిన గీతలు ఉంటే అది తన రోజువారీ చోటే. మర్నాడు ఇంకా చీకటి ఉండగానే వచ్చి, నిన్నటి చెట్టు వదిలేసి, ఆ గీతలకి 30 గజాల్లో వెడల్పాటి ఓక్ చెట్టు చూసుకుని కూర్చోండి. మూడు మెత్తని యెల్ప్‌లు వేసి కాల్ పక్కన పెట్టేయండి.